ప్రాణభయంతో వచ్చినవాళ్ళకు ఒక కాగితం ఇప్పించండి: తెలుగు ఎంపీలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పార్లమెంటు సభ్యులకు,

నమస్కారం. లోక్‌సభలో ఆంధ్రప్రదేశ్ నుంచి 25 మంది, తెలంగాణ నుంచి 17 మంది, రాజ్యసభలో రెండు రాష్ట్రాలకూ కలిపి 18 మంది. మీ 60 మందికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను. గే అనో, లెస్బియన్ అనో, ట్రాన్స్ అనో సొంత దేశంలో జైల్లో వేస్తారని, చంపేస్తారని భయపడి మన దేశంలో తలదాచుకుంటున్న విదేశీయులు ఉన్నారు. వాళ్ళు ఇక్కడ చట్టప్రకారం ఉండేందుకు ఒక కాగితం ఇప్పించమని అడుగుతున్నాను. ఇందుకోసం రేపే కొత్త చట్టం తెమ్మనడం లేదు. అలాంటి కాగితం ఇచ్చే పద్ధతి ఒకటి కేంద్ర హోంశాఖ ఎప్పుడో రాసి పెట్టుకుంది. అది వీళ్ళ దాకా రావడం లేదు, అంతే.

నేను హైదరాబాద్‌లో న్యాయవాదిని. విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు ఎక్కువగా చూస్తుంటాను. టోలిచౌకి పారామౌంట్ కాలనీలోనో, ఉస్మానియా యూనివర్సిటీ చుట్టుపక్కలో మీలో ఎవరైనా ఒక సాయంత్రం నడిచి ఉంటే చూసే ఉంటారు. యెమెన్, సూడాన్, సోమాలియా, ఇరాక్, అఫ్గానిస్తాన్ నుంచి, ఇంకా ఆఫ్రికాలోని ఎన్నో దేశాల నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లలు అక్కడ ఉంటారు. చదువు అయ్యాక చాలామంది సంతోషంగా ఇంటికి వెళ్ళిపోతారు. కొందరు వెళ్ళలేరు. యుద్ధం వల్ల వెళ్ళలేనివాళ్ళ గురించి పేపర్లలో అప్పుడప్పుడైనా వస్తుంది. ఈ ఇంకో కారణంతో వెళ్ళలేనివాళ్ళ గురించి రాదు. వాళ్ళు ఆ కారణాన్ని ఎవరికీ చెప్పుకోరు కాబట్టి. నా దగ్గరికి వచ్చినా మొదటిరోజు చెప్పరు. వీసా పొడిగింపు గురించి మాత్రమే అడిగి వెళ్ళిపోతారు. నాలుగైదుసార్లు కలిశాక, మా జూనియర్ బయటికి వెళ్ళాక, గొంతు తగ్గించి చెప్తారు.

అలాంటి ఒక అబ్బాయి ఉన్నాడు. ఉగాండా నుంచి వచ్చాడు. పేరు, కాలేజీ, కోర్సు రాయను. మనిషిని గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. మెహదీపట్నం రైతుబజార్‌లో అరటికాయలు కొనుక్కుని, ఆవిరి మీద ఉడికించి, మెత్తగా మెదిపి, పల్లీలు నూరి చేసిన చిక్కటి పులుసుతో తింటాడు. వాళ్ళ వైపు రోజువారీ తిండి అదే. ఒకసారి గిన్నెలో పెట్టి మా ఇంటికి తెచ్చాడు. మా అమ్మ రుచి చూసి, "బాగుంది నాయనా, తాలింపు ఒక్కటి పడితే మన కూరే" అంది. ఆ మాట అతనికి ఇంగ్లీషులో చెప్తే ఎంత సంబరపడ్డాడో! ఎవరింట్లోనైనా కూర్చుని భోజనం చేసి చాలా కాలమైందట.

అతని ఫోన్లో వాళ్ళ అక్క పంపిన వాయిస్ మెసేజ్ ఒకటి ఉంది. లుగాండా భాషలో ఉంది. సౌండ్ బాగా తగ్గించి, ఫోన్ నా చెవి దగ్గర పెట్టి, ముక్క ముక్కకీ ఆపుతూ అర్థం చెప్పాడు. నీ స్నేహితుణ్ణి పోలీసులు పట్టుకెళ్ళారు. వాడి ఫోన్లో మీ ఇద్దరి ఫోటోలు ఉన్నాయి. ఇంట్లో నీ పేరు ఎత్తొద్దని నాన్న అన్నాడు. అమ్మ బాగానే ఉంది. నువ్వు మాత్రం రావద్దు. ఇంతే. అతని దగ్గరున్న సాక్ష్యం కూడా ఇంతే. ఇవతల చూస్తే స్టూడెంట్ వీసా గడువు దగ్గరపడుతోంది. అద్దె అగ్రిమెంట్ రెన్యూవల్ చేయాలంటే కొత్త వీసా కాపీ కావాలని ఇంటి ఓనరు అడుగుతున్నాడు. పాపం, ఆయన్నీ తప్పుపట్టలేం. విదేశీయుణ్ణి అద్దెకు పెట్టుకుంటే ఆ సంగతి ప్రభుత్వానికి తెలియజేయాల్సిన బాధ్యత ఆయన మీద ఉంది. "మేడమ్, చదువు అయిపోయింది. ఉద్యోగం వీసా రాదు, పెళ్ళి వీసా రాదు. నాలాంటివాడు ఏ గడిలో టిక్ పెట్టాలి?" అని ఆ అబ్బాయి అడిగాడు. ఈ ప్రశ్నకు జవాబు ఇవ్వగలిగింది మీరు. అందుకే మీకు రాస్తున్నాను.

అతను ఎందుకు వెళ్ళలేడో మీకు వివరంగా చెప్పాలి. ఉగాండా అధ్యక్షుడు ముసెవెని 2023 మే నెలలో సంతకం పెట్టిన చట్టం ప్రకారం స్వలింగ సంపర్కానికి యావజ్జీవ శిక్ష పడుతుంది. 'తీవ్రమైనది' అని లెక్కకట్టిన సందర్భాల్లో మరణశిక్ష కూడా వేయొచ్చు. ఎల్‌జీబీటీ (లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్) హక్కుల గురించి మాట్లాడడాన్ని 'ప్రోత్సహించడం' కింద జమకట్టి 20 ఏళ్ళ దాకా జైల్లో పెట్టొచ్చు. ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళను శిక్షించే సెక్షనూ, తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలనే సెక్షనూ అందులో ఉండేవి. 2024 ఏప్రిల్ 3న అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం అలాంటి కొన్నింటిని కొట్టేసి, మిగతా చట్టాన్ని అలాగే నిలబెట్టింది.

చట్టం రాకముందు మాత్రం బాగుందా అంటే, లేదు. 2010లో కంపాలాలో ఒక పత్రిక గే మనుషుల ఫోటోలు, పేర్లు అచ్చువేసి వాళ్ళను ఉరితీయాలని రాసింది. డేవిడ్ కాటో అనే హక్కుల కార్యకర్త ఇంకో ఇద్దరితో కలిసి ఆ పత్రిక మీద కోర్టుకెళ్ళి, 2011 జనవరి మొదట్లో గెలిచాడు. ఆ నెల 26న అతన్ని సొంత ఇంట్లోనే సుత్తితో కొట్టి చంపేశారు. కోర్టులో గెలిచిన మనిషికే అక్కడ రక్షణ దొరకలేదు. అలాంటప్పుడు పోలీసుల చేతిలో ఫోటోలున్న ఒక విద్యార్థిని "వెళ్ళు, ఏం కాదులే" అని విమానం ఎక్కించడం నా వల్ల కాదు. మీ వల్లా కాదనే అనుకుంటున్నాను.

ఆ దేశపు గొడవ మనకెందుకు అని ఎవరైనా అడగొచ్చు. కానీ ఆ గొడవ వేళ్ళు మన గడ్డ మీదే ఉన్నాయి. మెకాలే నాయకత్వంలో ముసాయిదా రాసి, 1860లో ఆమోదించిన భారత శిక్షాస్మృతిలో స్వలింగ సంపర్కాన్ని నేరం చేసిన 377వ సెక్షన్ ఇక్కడితో ఆగలేదు. బ్రిటిష్ పాలకులు దాన్ని నమూనాగా పెట్టుకుని ఆసియాలోని, ఆఫ్రికాలోని తమ వలస దేశాలకు మోసుకెళ్ళారు. ఉగాండా, కెన్యా, మలేసియా లాంటి చోట్ల ఈనాటికీ ఆ మాటలే చట్టంలో ఉన్నాయి. మనం ఆ ముల్లును 2018 సెప్టెంబరు 6న తీసేసుకున్నాం. ఆ రోజు తీర్పిచ్చిన అయిదుగురు సుప్రీంకోర్టు న్యాయమూర్తుల్లో ఒకరైన జస్టిస్ ఇందు మల్హోత్రా, ఇన్నేళ్ళ అవమానానికి ఈ మనుషులకు చరిత్ర క్షమాపణ చెప్పాలని రాశారు. ఆ బాధలో పుట్టిన తీర్పు మనది. అదే బాధ ఇంకా పడుతున్నవాళ్ళు మన గుమ్మంలోకి వస్తే, మీ వీసా కేటగిరీ ఏదని మాత్రమే అడుగుతున్నాం.

హైదరాబాద్‌కు ఇంకో సొంత చరిత్ర కూడా ఉంది. నిజాం కాలంలో, 1329 ఫస్లీలో, అంటే 1919 ప్రాంతంలో, హిజ్రాల పేర్లు, చిరునామాలు రిజిస్టరులో రాసి, అనుమానం వస్తే వారెంటు లేకుండానే అరెస్టు చేసే చట్టం తెచ్చారు. రాజ్యం పోయినా, రాష్ట్రాలు మారినా అది పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి తదితరులు కోర్టుకు వెళ్తే, 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. పేరు రిజిస్టరుకెక్కడం అంటే భయపడే మనుషుల బాధ ఈ ఊరికి కొత్త కాదు.

పక్క దేశానికి పోవచ్చు కదా అని కూడా అంటారు. పోయారు. 2014 నుంచి ఉగాండా ఎల్‌జీబీటీ మనుషులు సరిహద్దు దాటి కెన్యాకు వెళ్తూనే ఉన్నారు. అక్కడ వాళ్ళను ఎండకు మాడిపోయే తుర్కానా ప్రాంతంలోని కకుమా శరణార్థి శిబిరంలో పెట్టారు. కెన్యాలోనూ స్వలింగ సంపర్కం నేరమే. 2019 మే 24న అక్కడి హైకోర్టు ఆ సెక్షన్లు సరైనవేనని చెప్పింది. శిబిరంలో చుట్టూ ఉండే ఇతర శరణార్థుల నుంచే వీళ్ళకు దెబ్బలు, బెదిరింపులు. 2021 మార్చిలో కకుమాలో వీళ్ళుండే బ్లాకు మీద పెట్రోల్ బాంబు విసిరారు. కాలిన గాయాలతో ఒకతను ఏప్రిల్‌లో చనిపోయాడు. శరణార్థిగా నమోదైనవాడే, ఐక్యరాజ్యసమితి నడిపే శిబిరంలో ఉన్నవాడే చనిపోయాడు.

ఉగాండా ఒక్కటే కాదు. ఇరాక్ పార్లమెంటు 2024 ఏప్రిల్ 27న స్వలింగ సంబంధాలకు 10 నుంచి 15 ఏళ్ళ జైలు వేసే చట్టం చేసింది. లింగమార్పిడికి కూడా జైలుశిక్ష పెట్టింది. ఇరాన్ చట్టంలో మరణశిక్ష ఉంది. అఫ్గానిస్తాన్‌లో 2021 ఆగస్టులో తాలిబన్లు మళ్ళీ వచ్చాక పరిస్థితి ఏంటో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఈ దేశాల పిల్లలందరూ మన కాలేజీల్లో ఫీజు కట్టి చదువుకుంటున్నవాళ్ళే.

ఈ విషయంలో నాకు ఎక్కువసార్లు ఎదురయ్యే మాట ఒకటుంది. "ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా గుట్టుగా బతికితే ఏం పోయింది? పెళ్ళి చేసుకుని మామూలుగా ఉండొచ్చుగా?" చెడ్డవాళ్ళు అనే మాట కాదిది. మంచివాళ్ళే, మనసులో ఏ ద్వేషమూ లేనివాళ్ళే అంటారు. మన ఇళ్ళల్లో కూడా ఇలాగే సర్దేస్తాం కాబట్టి అది సహజమైన సలహా అనిపిస్తుంది. బ్రిటన్‌లో అధికారులు చాలా ఏళ్ళు ఇదే మాట చెప్పి ఆశ్రయం కోరే దరఖాస్తులు తిప్పికొట్టారు. ఇరాన్ నుంచి ఒకతను, కామెరూన్ నుంచి ఒకతను వేసిన కేసుల్లో 2010 జులై 7న అక్కడి సుప్రీంకోర్టు ఆ వాదన చెల్లదంది. దొరికిపోతే చంపుతారనే భయంతో ఒక మనిషి తనను తాను దాచుకుని బతుకుతుంటే, ఆ భయమే హింస కిందికి వస్తుందని, దాక్కుంటే బతుకుతావు కదా అని వెనక్కి పంపకూడదని చెప్పింది. యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2013 నవంబరులో ఇదే నిర్ణయానికి వచ్చింది.

ఒక్కసారి ఆలోచించండి. గుట్టుగా బతకడం అంటే ఏంటి? ఎవరితోనూ ఫోన్లో మనస్ఫూర్తిగా మాట్లాడకూడదు. ఎవరింటికి ఎందుకు వెళ్ళావంటే అబద్ధం సిద్ధంగా ఉండాలి. ముప్పై ఏళ్ళొచ్చినా పెళ్ళెందుకు కాలేదని పక్కింటివాళ్ళు అడిగిన ప్రతిసారీ గుండె దడదడలాడాలి. ఇష్టం లేని అమ్మాయిని తెచ్చి ఆమె జీవితాన్ని కూడా ఆ అబద్ధంలోకి లాగాలి. ఇన్ని చేసినా, ఒక స్నేహితుడి ఫోన్ పోలీసుల చేతిలో పడ్డ రోజున అంతా అయిపోతుంది. పైన చెప్పిన అబ్బాయి గుట్టుగానే బతికాడు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆదివారం చర్చిలో పాటలు పాడాడు, చెల్లెలి పెళ్ళికి అన్నీ తనే చూసుకున్నాడు, ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ గుట్టు అతన్ని కాపాడలేదు.

ఇక మన చట్టం దగ్గరికి వస్తాను. శరణార్థుల గురించి 1951లో ఒక అంతర్జాతీయ ఒప్పందం, 1967లో దానికి ప్రోటోకాల్ వచ్చాయి. మన దేశం రెండింటిలోనూ చేరలేదు. జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెందడం: ఈ అయిదింటిలో ఏ కారణంతో హింసకు గురవుతారన్నా ఆశ్రయం ఇవ్వాలని ఆ ఒప్పందం చెప్తుంది. ఎల్‌జీబీటీ మనుషులు అందులో 'ప్రత్యేక సామాజిక వర్గం' కిందికి వస్తారని నెదర్లాండ్స్ 1981లోనే ఒప్పుకుంది. అమెరికాలో గే అయిన ఒక క్యూబా మనిషి కేసులో 1990లో వచ్చిన ఇలాంటి నిర్ణయాన్నే, 1994లో అటార్నీ జనరల్ దేశమంతా పాటించాల్సిన తీర్పుగా ప్రకటించారు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ 2012 అక్టోబరులో ఈ దరఖాస్తులను ఎలా పరిశీలించాలో ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది. అంటే ఇది నాలుగు దశాబ్దాలుగా నలిగిన దారి.

మన దేశంలో టిబెటన్ల సంగతి, శ్రీలంక తమిళుల సంగతి ప్రభుత్వమే నేరుగా చూసుకుంటుంది. అఫ్గానిస్తాన్, మయన్మార్, ఆఫ్రికా, పశ్చిమాసియా దేశాల నుంచి వచ్చినవాళ్ళు మాత్రం ఢిల్లీలో 1981 నుంచి ఉన్న ఆ ఐక్యరాజ్యసమితి సంస్థ దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. ఇంటర్వ్యూ అయ్యాక, కథ నమ్మితే, ఒక శరణార్థి కార్డు ఇస్తారు. ఆ కార్డుకు చట్టపరంగా విలువ లేదని మన ప్రభుత్వమే కోర్టుల్లో వాదిస్తోంది. దానితో ఆధార్ రాదు, బ్యాంకు ఖాతాకి కాళ్ళరిగేలా తిరగాలి. మయన్మార్ నుంచి వచ్చి హైదరాబాద్ బాలాపూర్‌లో ఉంటున్న రోహింగ్యాలను అడిగితే ఆ కార్డు ఎంత వరకు పనికొస్తుందో చెప్తారు.

ఇంతకుముందు కనీసం ఒక ఆశ ఉండేది. ఇక్కడ కొన్నేళ్ళు ఎలాగోలా నెట్టుకొస్తే, ఆ సంస్థ సిఫారసుతో అమెరికాకో కెనడాకో పంపుతారని. 2025 జనవరి 20న అమెరికా శరణార్థులను తీసుకునే కార్యక్రమం ఆపేసింది. 2026 ఆర్థిక సంవత్సరానికి ప్రపంచం మొత్తం నుంచి 7,500 మందికే పరిమితి పెట్టి, అందులో ఎక్కువ భాగం దక్షిణాఫ్రికా తెల్లవాళ్ళకు అని చెప్పింది. ఆ తలుపు దాదాపు మూసుకుపోయినట్టే. ఇక్కడున్నవాళ్ళు ఇక్కడే ఉంటారు. చట్టబద్ధంగా ఉంటారా, దొంగచాటుగా ఉంటారా అన్నదొక్కటే తేలాలి.

నేను మొదట్లో చెప్పిన పద్ధతి ఇక్కడే పనికొస్తుంది. శరణార్థులమని చెప్పుకునే విదేశీయుల విషయంలో ఏం చేయాలో 2011 డిసెంబరులో కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు ఒక విధివిధానం పంపింది. 2019లో దాన్ని సవరించింది. జాతి, మతం, లింగం, జాతీయత, జాతిపరమైన గుర్తింపు, ప్రత్యేక సామాజిక వర్గం, రాజకీయ అభిప్రాయం కారణంగా హింసకు గురవుతాననే భయం ప్రాథమికంగా సమంజసమే అనిపిస్తే, 30 రోజుల్లో రాష్ట్ర ప్రభుత్వం హోంశాఖకు సిఫారసు చేయాలని, భద్రతా తనిఖీ అయ్యాక లాంగ్ టర్మ్ వీసా ఇవ్వొచ్చని అందులో ఉంది. ఆ వీసా ఉంటే ప్రైవేటు ఉద్యోగం చేసుకోవచ్చు, చదువుకోవచ్చు. డబ్బు సంపాదన కోసం వచ్చినవాళ్ళకు ఇది వర్తించదని కూడా స్పష్టంగా రాశారు. మంచి కాగితం అది. రాసినవాళ్ళకు దండం పెట్టాలి. కానీ 'ప్రత్యేక సామాజిక వర్గం' అంటే ఎవరెవరో అందులో చెప్పలేదు. కింది స్థాయి అధికారికి గే అనే కారణంతో దరఖాస్తు ఇస్తే, దాన్ని ఎక్కడ పెట్టాలో ఆయనకే తెలియదు. ఒక ఆఫీసులో నా ఎదురుగానే ఒక అధికారి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, మర్యాదగానే, "ఇది మెడికల్ కిందికి వస్తుందేమో కనుక్కోండమ్మా" అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు. పైనుంచి ఒక్క లైను స్పష్టత వచ్చి ఉంటే ఆయన పని ఆయన చేసేవారు.

పైగా కాలం ఇప్పుడు ఇంకా బిగుసుకుంది. 1946 నాటి విదేశీయుల చట్టం లాంటి పాత చట్టాలు నాలుగింటిని తీసేసి, వాటి చోట తెచ్చిన ఇమిగ్రేషన్ అండ్ ఫారినర్స్ చట్టం 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. గడువు మీరి ఉంటే మూడేళ్ళ దాకా జైలు, మూడు లక్షల దాకా జరిమానా. ఈ చట్టంలో శరణార్థి ప్రస్తావన లేదు. అంటే ప్రాణభయంతో ఉండిపోయినవాడూ, ఏదో మోసం చేసి ఉండిపోయినవాడూ ఒకే సెక్షన్ కింద నిలబడతారు. 2015లో లోక్‌సభలో శశి థరూర్, వరుణ్ గాంధీ, రవీంద్ర కుమార్ జెనా వేర్వేరుగా ఆశ్రయం గురించి ప్రైవేటు బిల్లులు పెట్టారు. మూడు వేర్వేరు పార్టీల మనుషులు. ఏదీ ముందుకు కదల్లేదు. అందుకే పూర్తి స్థాయి ఆశ్రయ చట్టం కావాలని కోరుతూనే, అది వచ్చేదాకా ఆగలేమని చెప్తున్నాను.

పాస్‌పోర్టు గొడవ వేరే. వీసా పొడిగించాలంటే పాస్‌పోర్టు గడువులో ఉండాలి. పాస్‌పోర్టు రెన్యూవల్ కావాలంటే ఢిల్లీలోని సొంత దేశపు రాయబార కార్యాలయానికి వెళ్ళాలి. ఎవరికి భయపడి పారిపోయి వచ్చాడో వాళ్ళ ఆఫీసుకే వెళ్ళి నిలబడాలి. మన అధికారులు కూడా ఒక్కోసారి, మంచి ఉద్దేశంతోనే, "మీ ఎంబసీ నుంచి లెటర్ తెచ్చుకోండి" అంటారు. ఆ లెటర్ అడగడమంటే తన గుట్టు తానే చెప్పుకోవడం. ఇంట్లోవాళ్ళకు కబురు చేరడానికి ఇక ఎంతోసేపు పట్టదు.

మీకు రాగల సందేహాలు నాకూ వచ్చినవే. ఎవరు పడితే వాళ్ళు గే అని చెప్పి వీసా తీసుకుంటే ఎలా? సమంజసమైన ప్రశ్నే. ఇతర దేశాలు దీనితో చాలా కుస్తీ పట్టాయి, సిగ్గుపడాల్సిన పనులూ చేశాయి. చెక్ రిపబ్లిక్‌లో మగవాళ్ళకు బొమ్మలు చూపించి శరీర స్పందన కొలిచేవారు. ఐరోపాలో విమర్శలు వచ్చాక ఆగింది. ఇలాంటి పరీక్షలు చేయకూడదని, పడకగది వివరాలు అడగకూడదని, వీడియోలు సాక్ష్యంగా తీసుకోకూడదని యూరోపియన్ న్యాయస్థానం 2014 డిసెంబరు 2న తేల్చిచెప్పింది. మరి ఏం అడగాలి? లండన్ న్యాయవాది ఎస్. చెల్వన్ ఒక దారి చూపించారు. నేను అందరిలాంటివాణ్ణి కాదని ఎప్పుడు తెలిసింది, చుట్టూ ఉన్నవాళ్ళు దాన్ని ఎలా చూశారు, మనసులో ఏమనుకున్నావు, ఏ హాని జరిగింది లేదా జరుగుతుందని భయపడుతున్నావు అని అడగాలి. ఈ నాలుగింటినీ తీరిగ్గా కూర్చుని అడిగితే నిజంగా అనుభవించినవాడికీ, కథ అల్లినవాడికీ తేడా తెలిసిపోతుంది. నా అనుభవంలో అయితే నిజం చెప్పేవాడికే మాట సరిగ్గా రాదు. తడబడతాడు, తారీఖులు మర్చిపోతాడు, అమ్మ ప్రస్తావన రాగానే ఆగిపోతాడు.

దేశ భద్రత సంగతంటే, ఆ విధివిధానంలోనే తనిఖీ ఉంది. తనిఖీ వద్దని నేను అనడం లేదు. కాగితం లేకుండా చీకట్లో బతికే మనిషి కన్నా, పేరు, చిరునామా, ఫోటో ఇచ్చి వీసా తీసుకున్న మనిషే ప్రభుత్వానికి ఎక్కువ తెలుస్తాడు. మనవాళ్ళకే దిక్కులేదు కదా అన్న మాట కూడా విన్నాను. వీళ్ళు రేషన్ కార్డు అడగడం లేదు, డబుల్ బెడ్రూం ఇల్లు అడగడం లేదు. పని చేసుకుని, అద్దె కట్టుకుని బతుకుతామంటున్నారు. సమానత్వం, ప్రాణరక్షణ గురించి చెప్పే రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలు పౌరులకే అని ఎక్కడా లేదు. 'ఏ వ్యక్తికీ' అని ఉంది. అప్పటి తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చి అరుణాచల్ ప్రదేశ్‌లో ఉంటున్న చక్మాల కేసులో 1996లో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. మన దేశంలో పౌరసత్వం లేనివాళ్ళ ప్రాణాలను కాపాడే బాధ్యత కూడా ప్రభుత్వానిదేనంది.

తెలుగువాళ్ళకు ఈ బాధ పరాయిది కాదు. 1942లో జపాన్ బాంబులు పడుతుంటే రంగూన్ నుంచి మనవాళ్ళు వేల సంఖ్యలో అడవులు, కొండలు దాటి నడిచి వచ్చారు. దారిలో ఎందరు పోయారో లెక్కలేదు. 1960లలో అక్కడి సైనిక ప్రభుత్వం వల్ల మళ్ళీ రావాల్సి వచ్చింది. విశాఖ కంచరపాలెం దగ్గర బర్మా క్యాంప్ అనే పేరు ఇంకా ఉంది. ఉగాండా సంగతే చూడండి. 1972 ఆగస్టులో అక్కడి నియంత ఇదీ అమీన్ మన భారతీయులను 90 రోజుల్లో దేశం విడిచిపొమ్మన్నాడు. బ్రిటన్ 27 వేలమందికి పైగా తీసుకుంది, కెనడా వేలమందిని తీసుకుంది. నేడు ఆ కుటుంబాల పిల్లలు అక్కడ పార్లమెంటుల్లో, ఆసుపత్రుల్లో ఉన్నారు. అప్పుడు ఎవరో తలుపు తీశారు కాబట్టి.

ఇంకో మాట చెప్పకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది. మన పిల్లలు కూడా ఆశ్రయం అడుగుతున్నారు. అమెరికాలో, బ్రిటన్‌లో చదువుకి వెళ్ళి, ఇంట్లో బలవంతపు పెళ్ళికో, పరువు పేరుతో దెబ్బలకో భయపడి తిరిగి రాలేని తెలుగు పిల్లలు నాకు మెయిల్ రాస్తుంటారు. అక్కడి అధికారులు వాళ్ళకు 2018 తీర్పు చూపించి, మీ దేశం ఇప్పుడు సురక్షితం కదా, ఇంకో ఊరికి వెళ్ళి బతకండి అంటారు. 2023 నవంబరులో బ్రిటన్ ప్రభుత్వం భారత్‌ను సురక్షిత దేశాల జాబితాలో చేర్చే ప్రతిపాదన పెట్టింది. మనం నిజంగా సురక్షిత దేశమే అయితే, మన పిల్లలకు ఇళ్ళల్లో రక్షణ ఇచ్చే పని మన పోలీసులది, మన ప్రభుత్వాలది. పక్కవాడి బిడ్డకు ఆశ్రయం ఇచ్చే పని కూడా మనదే. ఈ రెండూ విడివిడి విషయాలని నేను అనుకోవడం లేదు.

మీరు చేయగలిగింది ఏమిటంటే, ముందు హోంమంత్రికి కలిసి ఒక ఉత్తరం రాయండి. లైంగికత, లింగ గుర్తింపు కారణంగా హింసకు గురయ్యేవాళ్ళు 'ప్రత్యేక సామాజిక వర్గం' కిందికి వస్తారని రాష్ట్రాలకు ఒక సర్క్యులర్ పంపమని అడగండి. దరఖాస్తు తేలేదాకా ఎవర్నీ వెనక్కి పంపకూడదని, వీసా గడువు మీరిందని కేసు పెట్టకూడదని అందులో ఉండాలి. వివరాలు ఎట్టి పరిస్థితుల్లోనూ సొంత దేశపు రాయబార కార్యాలయానికి చేరకూడదు. ఇంటర్వ్యూ నలుగురూ వినే కౌంటర్ దగ్గర కాకుండా తలుపు వేసిన గదిలో జరగాలి. దుబాసీ కావాల్సి వస్తే దరఖాస్తుదారు వద్దన్న మనిషిని పెట్టకూడదు. అదే ఊరివాడు, అదే మతపెద్దల మనిషి దుబాసీగా కూర్చుంటే ఎవరూ నోరు విప్పరు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాల్లో మీకు తెలిసిన మంత్రులు ఉన్నారు. 30 రోజుల్లో సిఫారసు చేయాల్సింది రాష్ట్రాలే కాబట్టి, హైదరాబాద్‌లో, విశాఖలో ఈ దరఖాస్తులు చూసే ఒక్కొక్క అధికారి పేరు ఖరారు చేయించండి. ఆ అధికారికి రెండు రోజుల శిక్షణ చాలు. మాలాంటి న్యాయవాదులం ఆ శిక్షణకు ఉచితంగా వస్తాం.

ఆ తర్వాత సభలో ఒక ప్రశ్న వేయండి. 15 రోజుల ముందు నోటీసు ఇస్తే చాలని మీకు నేను చెప్పక్కర్లేదు. మీ ఆఫీసు పని తగ్గుతుందని ప్రశ్న కూడా రాసి ఇస్తున్నాను. మార్పులు చేసుకోండి, ఎవరి పేరు మీదైనా ఇవ్వండి.

హోంమంత్రి ఈ విషయాలు తెలియజేస్తారా: శరణార్థులమని చెప్పుకునే విదేశీయుల కోసం 2011లో జారీ చేసి 2019లో సవరించిన విధివిధానం, 2025 ఇమిగ్రేషన్ అండ్ ఫారినర్స్ చట్టం వచ్చాక కూడా అమల్లో ఉందా; ఉంటే, దాని కింద గత అయిదేళ్ళలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు ఎన్ని దరఖాస్తులు సిఫారసు చేశాయి, ఎందరికి లాంగ్ టర్మ్ వీసా ఇచ్చారు; లైంగికత, లింగ గుర్తింపు కారణంగా హింసకు గురయ్యే వ్యక్తులను అందులోని 'ప్రత్యేక సామాజిక వర్గం'గా ప్రభుత్వం గుర్తిస్తోందా; గుర్తించకపోతే, కారణాలు ఏమిటి?

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక న్యాయవాది